పిడికిళ్ళమ్మ: అడగకుండా వేసిన పిడికెడు బియ్యం

పిడికిళ్ళమ్మ తల్లి గుడి గోదావరి ఒడ్డున, రేవు మెట్లకు కాస్త ఎగువన ఉన్నది. బస్సు దిగి గట్టు వెంబడి నడిస్తే, కొబ్బరితోట దాటగానే కనిపిస్తుంది. గోపురం కోసం వెతకకండి, లేదు. పెంకుల కప్పు, చుట్టూ వరండా, మధ్యలో గర్భగుడి, అంతే. గోపురం కట్టిస్తామని దాతలు ముందుకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి గాని, ప్రతిసారీ ఊరిలో ఎవరో ఒకరు వద్దన్నారు. ఇక్కడ ఒక్కరు వద్దన్నా పని జరగదు. అందువల్ల తల్లి ఇంకా పెంకుల కిందనే చల్లగా ఉన్నది.

గర్భగుడిలో స్త్రీమూర్తి ఉండదు. పసుపు పూసి, ఎర్రచీర చుట్టిన నల్లని కుండ ఒకటి పీట మీద కూర్చుని ఉంటుంది. ఆ కుండే తల్లి. దానికి మూత పెట్టరు. అడుగున కొంత బియ్యం ఉన్నది. ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు. పురుగు పట్టదని, ముక్కిపోదని పూజారి కుటుంబం వారు చెబుతారు. దానికి ఉడకని బియ్యం అని పేరు.

భక్తులు ఇక్కడికి ఎక్కువగా వచ్చేది ఏదో ఒకటి తేల్చుకోవడానికి. అన్నదమ్ముల పంపకాలు కావచ్చు, పిల్ల పెళ్ళి విషయంలో ఇంట్లో రెండు మాటలు కావచ్చు, పొలం రొయ్యల చెరువు చేయాలా వద్దా అన్న గొడవ కావచ్చు. ఇంటిల్లిపాదీ రావాలి. గుడి వెనుక పొయ్యి మీద వేరే వంటకుండ ఉంటుంది. అందులో ఎవరి పిడికెడు బియ్యం వారే వేయాలి. ఒప్పుకోనివారు ఖాళీ పిడికిలి కుండ మీద విప్పి చూపుతారు. అప్పుడు పొయ్యి వెలిగించరు. అందరూ వరండాలో కూర్చుని మళ్ళీ మాట్లాడుకోవాలి. వరండాలో ఆ మాటలు వినడం కూడా పుణ్యమేనని మా పూజారిగారి అభిప్రాయం.

"మా తమ్ముడు హైదరాబాదులో ఉన్నాడండీ, వాడి పిడికిలి మేమే వేసేస్తాం, కావాలంటే ఫోనులో చూపిస్తాం" అని అడిగేవారు తరచు కనిపిస్తారు. "ఆయన్నే రమ్మనండి" అన్నదే ఇక్కడి జవాబు. కోపం వచ్చి బస్సెక్కి వెళ్ళిపోయినవారూ ఉన్నారు. ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే తల్లి ఈ ఒడ్డుకు వచ్చిన కథ తెలియాలి.

పూర్వం ఇక్కడ మొగలి పొదలు, నక్కలు తప్ప ఏమీ లేవు. అప్పటి ఊరు దీనికి ఎదురుగా, నది నడుమ లంకలో ఉండేది. ఇప్పుడు ఆ చోట వేసవిలో ఒక ఇసుకతిన్నె తేలుతుంది, వానలకు మునిగిపోతుంది. లంకవాసులు పడవలు నడిపేవారు, చేపలు పట్టేవారు, ఎగువ కొండల నుంచి వెదురు తెప్పలు కట్టి దించేవారు.

వారి పెద్దలు ఏనాడో వరద ముంచిన మరో చోటి నుంచి పారిపోయి ఆ లంక చేరారట. ఆ తొందరలో ఒక ఇంటివారిని వెనుక వదిలేశారట. వారి కేకలు నీటి మీద చాలా దూరం వినిపించాయట. లంక ఎక్కి అన్నం వండుకున్నారు గాని ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పుడు ఆ అన్నం కుండ మీదనే చేయి వేసి ఒట్టు పెట్టుకున్నారు. ఇక మీదట ఊరంతటి పని ఏదైనా సరే, ప్రతి పొయ్యి నుంచీ పిడికెడు బియ్యం ఈ కుండలో పడాలి, ఉడకాలి, అందరూ తినాలి, ఆ తరువాతే చేయాలి. ఒక్క పొయ్యి కాదన్నా ఆగాలి. ఎవరినీ వదిలి కదలరాదు. ఆ కుండనే తల్లిగా కొలుచుకున్నారు.

ఒట్టు పెట్టుకున్నవారు సుఖంగానే వెళ్ళిపోయారు. దాని బరువు వారి మనుమల మీద పడింది.

ఆ ఏడు తొలకరి నుంచే గోదావరి లంకను ఎగువ కొన నుంచి కోయడం మొదలుపెట్టింది. మొదట మొగలి పొదలు పోయాయి, తరువాత జొన్నచేలు. నేల ముందుగా సన్నగా బీట వారేది. మనిషి ఆ బీటను చూసి నాలుగడుగులు వెనక్కి వేసేలోగా ముక్కకు ముక్క నీటిలో కూలేది. దబ్బుమన్న శబ్దం ఊరంతా వినిపించేది. మొదట్లో ఎవరో ఒకరు పరుగెత్తి ఏం పోయిందో చూసి వచ్చేవారు. రానురాను చూసి రావడం కూడా మానేశారు.

అప్పటి ఊరిపెద్ద పేరు పేరయ్య. మంచివాడు, కాని నిప్పుకణిక. ఒక మాట తోచిందంటే అది మధ్యాహ్నంలోగా జరిగిపోవాలి. అతడు అందరినీ కుండ దగ్గరకు పిలిచి, "ఆవలి ఒడ్డున మెట్ట ఉంది. వరద ఎక్కదు. పెద్ద నీరు రాకముందే పడవలెక్కేద్దాం" అన్నాడు. ఎవరికి మాత్రం కాదనడానికి ఏముంది? ఒక్కొక్కరే వచ్చి పిడికిలి విప్పారు. బియ్యం రాలింది. చివరగా అంకాలు వచ్చింది. ఆమె పిడికిలి కూడా అందరి పిడికిలిలాగే బిగిసి ఉన్నది. కుండ మీద విప్పింది. అందులో ఒక్క గింజ లేదు.

అంకాలు పేరయ్యకు పరాయిది కాదు. అతడి భార్య వీరాయమ్మకు స్వయానా తమ్ముడి భార్య. ఆ తమ్ముడి పేరు సింగన్న. చిన్నతనంలో తల్లి పోతే వీరాయమ్మే చంకన వేసుకుని పెంచింది. అంతకు ముందటి ఏడు సింగన్న వెదురు కోసం ఎగువ కొండలకు వెళ్ళాడు. దిగివచ్చేటప్పుడు కొండల ఇరుకులో తెప్ప రాళ్ళకు కొట్టుకుని విడిపోయింది. తోటివారు ఈది బయటపడ్డారు. సింగన్న కనిపించలేదు. శవమూ దొరకలేదు. వీరాయమ్మ ఏడ్చి ఏడ్చి, తమ్ముడు పోయాడని మనసుకు చెప్పుకున్నది. దినకర్మ చేయిద్దామన్నది. అంకాలు చేయనివ్వలేదు. బొట్టు తీయలేదు. రోజూ తెల్లవారగానే లంక ఎగువ కొనకు పోయి, తెప్పలు దిగే వైపు చూస్తూ కూర్చునేది. నేల కూలుతున్నదీ అక్కడే.

ఊరు ఆమెకు నచ్చజెప్పడానికి పూనుకున్నది. పెద్దవారు వచ్చి గోదావరి సంగతి చెప్పారు. ఆడవాళ్ళు వచ్చి పిల్లల మొహాలు చూడమన్నారు. ఒకరు బతిమాలారు, ఒకరు దెప్పారు. అందరికీ ఆమె ఒక్కటే మాట చెప్పింది. "ఆయనొస్తే?" దానికి జవాబుగా సింగన్న ఎందుకు రాడో మళ్ళీ మొదటి నుంచి వివరించేవారు. ఆమె విని ఊరుకునేది. కుండ మళ్ళీ పెట్టేవారు. మళ్ళీ ఖాళీ పిడికిలి. ప్రతివారూ ఆమెతో మాట్లాడారు గాని, ఆమె చేత మాట్లాడించినవారు లేరు. ఈ అలవాటు మనందరి ఇళ్ళలోనూ ఉన్నది గనుక లంకవారిని పెద్దగా తప్పుపట్టలేము.

ఇంతలో గుర్రయ్య అనే అతడి పశువుల పాక కూలింది. కట్టుగొయ్యకు కట్టిన దూడ పాకతో పాటు నీటిలోకి జారిపోయింది. గుర్రయ్య మోకాళ్ళ దాకా బురదతో వచ్చి కుండ ముందు నిలబడి అరిచాడు.

"ఇంకెన్నాళ్ళయ్యా ఈ ముచ్చట? దాని కాళ్ళూ చేతులూ కట్టి పడవలో పడేద్దాం. లేదంటావా, అదొక్కతీ ఇక్కడే ఉంటుంది. నా పిల్లల్ని కూడా దూడలాగే చూడమంటావా?"

కొందరు యువకులు అతడి వైపు నిలబడ్డారు. తాడు తెచ్చినవాడు కూడా ఉన్నాడు. పేరయ్య ఆ తాడు లాక్కుని నేలకేసి కొట్టాడు.

"కట్టేసి తీసుకెళ్తే మనం ఊరు కాదు, దొంగల ముఠా. వదిలేసి పోతే మన తాతలు ఏడిసిన ఏడుపే మనమూ ఏడవాలి. నేనుండగా రెండూ జరగవు."

అలా అన్నాడే గాని, ఏం చేయాలో అతడికీ తెలియలేదు. ఆ సాయంత్రానికి నీరు ఎర్రబడింది. నురగ, దుంగలు, వేళ్ళతో సహా పెకలించుకు వచ్చిన చెట్లు దిగసాగాయి. పడవ నడిపేవారికి ఆ రంగు ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. పెద్ద నీరు ఎగువ నుంచి బయలుదేరింది. మర్నాటికి లంక మీద ఉంటుంది.

తెల్లవారింది. అంకాలు ఎప్పటిలాగే ఎగువ కొనకు వెళ్ళింది. వీరాయమ్మ ఆమె ఇంటి తలుపు తోసుకుని లోపలికి పోయి, పొయ్యి పక్కన ఉన్న బియ్యపుకుండలో చేయి పెట్టి పిడికెడు తీసింది. ఊరు కూడిన చోటికి వచ్చి, "ఇది నా తమ్ముడి ఇంటి పిడికిలి. ఆ ఇంటి ఆడపడుచుని నేను. నేను వేస్తున్నాను" అన్నది. కుండ మీద పిడికిలి విప్పింది. బియ్యం కుండలో పడింది.

పుట్టింటి మీద ఆడపడుచు మాటకు ఆ రోజుల్లో ఎదురు లేదు. ఆమె చేసినది దొంగతనమని ఎవరికీ తట్టలేదు. పైగా అందరి గుండెల మీద నుంచీ బండ దిగినట్లయింది. పేరయ్య మాత్రం భార్య మొహం చూడకుండా పొయ్యి వైపు తిరిగి, "వెలిగించండి" అన్నాడు.

పొయ్యి వెలిగింది. ఆడవాళ్ళు మూటలు కట్టారు. మగవాళ్ళు పడవలు ఒడ్డుకు లాగి సామాను ఎక్కించారు. ఎసరు తెర్లింది, నురగ పొంగి పొయ్యిలో పడింది. ఎవరో గరిటతో మెతుకు తీసి నొక్కి చూశారు. గింజ గింజలాగే ఉన్నది. ఇంకాసేపు అన్నారు. ఇంకొన్ని కట్టెలు పెట్టారు. ఎసరు ఇంకిపోతే మళ్ళీ నీళ్ళు పోశారు. మళ్ళీ నొక్కి చూశారు. వేళ్ళ మధ్య గింజ గులకరాయిలా జారిపోయింది.

పొద్దెక్కింది. కట్టెలు అయిపోతే పాత పడవ చెక్కలు విరిచి పెట్టారు. కుండ అన్నం తినకుండా ఎవరూ మరేదీ తినకూడదు గనుక పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పడవలు తాళ్ళు తెంచుకునేలా ఊగుతున్నాయి. ఎగువ నుంచి దబ్బు దబ్బుమని శబ్దాలు దగ్గరకు వస్తున్నాయి. కుండలో నీరు మాత్రం కుతకుత ఉడుకుతోంది, బియ్యం ఉడకడం లేదు. ఏదో తప్పు జరిగిందని అందరికీ తెలిసిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. నీ బియ్యం తడిసినదని ఒకరంటే, నువ్వు మడి కట్టుకోలేదని మరొకరు. ఒక్క పూటలో ఊరు ముక్కలయ్యేలా ఉన్నది.

పొయ్యి దగ్గరే కూర్చున్న వీరాయమ్మకు ఆ పొగలో, ఆ అలసటలో చిన్న కునుకు పట్టింది. కలలో ఒక ముసలావిడ కుండ ముందు కూర్చుని, సలసల కాగే నీటిలో వట్టి చేయి పెట్టి కలుపుతున్నది. వీరాయమ్మ భయపడి, "అమ్మా, చేయి కాలదా?" అన్నది. ముసలావిడ తల ఎత్తకుండానే చెప్పింది.

"అడగకుండా తెచ్చిన గింజ నేను ఉడకనివ్వను. ఎవరిదో వాళ్ళనే తెమ్మను. వద్దంటే ఎందుకొద్దన్నావని అడక్కు. ఏమైతే వేస్తావని అడుగు."

వీరాయమ్మ ఉలిక్కిపడి లేచింది. అందరి ముందూ తల బాదుకుని, "కుండ తప్పు కాదు, నా తప్పు. దాని పిడికిలి నేను ఎత్తుకొచ్చాను" అన్నది. మరి ఎవరి మాటా వినకుండా ఎగువ కొనకు నడిచింది. దారిలో నేల నిలువునా బీటలు వారి ఉన్నది. ఒక బీట దాటి వెనక్కి చూసేసరికి తాను అంతకు ముందు నిలబడిన చోటు లేదు. చుట్టు తిరిగి, కూలుతున్న అంచుకు దూరంగా, చేతులూ మోకాళ్ళూ ఆన్చి పాకుతూ పోయింది.

అంకాలు అంచుకు చాలా దగ్గరగా కూర్చుని ఉన్నది. వెనక్కి తిరగలేదు.

"అంకాలూ, నీ పిడికిలి నేనేసేశానే" అన్నది వీరాయమ్మ.

"నన్నడక్కుండానా వదినా?"

"ఆడు నా తమ్ముడు కాదటే? నేను పెంచినోడు. ఆ మాత్రం చెప్పే దారి లేదా నాకు?"

"నీ తమ్ముడే. కాదన్నదెవరు? ఆ పొయ్యి మాత్రం నాది వదినా."

వీరాయమ్మ పాకుతూ ఆమె దాకా వచ్చింది. పక్కనే చతికిలబడింది. ఇద్దరి కాళ్ళ కింద నుంచి మట్టి పెళ్ళలు రాలుతున్నాయి. చివరికి ఆమె కలలో విన్న మాట అడిగింది. "ఇన్నాళ్ళూ ఎందుకెయ్యవని అడిగాం. బుద్ధి లేక. ఏమైతే ఏస్తావే? అది చెప్పు."

అంకాలు మొదటిసారి ఆమె వైపు తిరిగింది. ఏడాదిగా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "ఆయనొచ్చేసరికి ఇక్కడ నీళ్ళు తప్ప ఏముండవు. ఇటు రమ్మని పిలిచేవోళ్ళుండరు. మనందరం తనని వదిలేసి పోయామనుకుంటాడు. అలా అనుకోకూడదు వదినా. నాకు అదొక్కటే."

"ఆడు పోయాడే తల్లీ..."

"పోయాడని నువ్వనుకో. నన్ననుకోమనకు."

"అననులే" అన్నది వీరాయమ్మ. "ఇంకెప్పుడూ అనను. లే. ఈ మాట అందరి ముందూ చెబుదువుగాని."

ఇద్దరూ చేతులు పట్టుకుని వెనక్కి వచ్చారు. ఊరంతా కుండ చుట్టూ కూర్చున్నది. నీరు చూరు దాకా వస్తుందేమో అన్న భయం అందరి మొహాల్లోనూ ఉన్నది, అయినా ఎవరూ లేవలేదు. అంకాలు తన మాట చెప్పింది. ఈసారి సింగన్న రాడని ఎవరూ వివరించలేదు. ఏం చేస్తే ఆమె కోరిక తీరుతుందా అని వెతకడం మొదలుపెట్టారు. పొడుగాటి వెదురు పాతి గుడ్డ కట్టిపోదామని ఒకరన్నారు. లంకే పోతే వెదురు నిలుస్తుందా అని మరొకరు. ఒక పడవను, ఒక మనిషిని ఉంచుదామన్నారు. ఉంటానన్న కుర్రవాడి అమ్మ వద్దని చేయి అడ్డం పెట్టింది. అది సబబేనని అందరూ ఒప్పుకున్నారు.

పేరయ్య అప్పటిదాకా తల వంచుకుని వింటున్నాడు. అతడు అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఊరివారు అదే మొదటిసారి చూడడం. ఇప్పుడు తల ఎత్తి, "చెల్లెమ్మా, పిలిచేవాళ్ళుండరన్నావు. ఉంటే?" అన్నాడు.

"ఎక్కడుంటారన్నయ్యా?"

"ఆవలి రేవులో. పొద్దు వాలే వేళ నీళ్ళ వైపు తిరిగి ఆడి పేరు పెట్టి పిలుద్దాం. ఊరిక్కడుందని చెబుదాం. లంక లేకపోయినా గొంతు ఉంటుంది కదా."

"నేను పిలుస్తాను" అన్నది అంకాలు. మళ్ళీ తానే, "నేను పోయాక?" అన్నది.

"వంతులేసుకుందాం. రోజుకో పొయ్యి. ఊరున్నంత కాలం."

అంకాలు కళ్ళు మూసుకుని తల ఊపింది. పేరయ్య కుండలోని ఉడకని బియ్యాన్ని ఆకు మీద వంచి పక్కన పెట్టించి, కుండ కడిగించాడు. కొత్త నీళ్ళు పోశారు. మళ్ళీ మొదటి నుంచి ఒక్కొక్కరే రాసాగారు. ఈసారి గుర్రయ్య వంతు వచ్చింది. అందరికన్నా ముందు పడవ ఎక్కాలన్నవాడు అతడే. కుండ మీద పిడికిలి విప్పాడు. ఖాళీ.

ఆ క్షణాన జనంలో లేచిన గొణుగుడు అంతా ఇంతా కాదు. ఒకామె శాపనార్థాలు పెట్టింది. నీరు అప్పటికే చివరి ఇళ్ళ అరుగులను తాకుతున్నది. పేరయ్య పళ్ళు బిగించి, నోటిదాకా వచ్చిన తిట్టు మింగాడు. ఆ ఊరి చరిత్రలో అంతకంటే కష్టమైన పని ఎవరూ చేయలేదని పెద్దలు చెబుతారు. మెల్లగా అడిగాడు. "ఏమైతే ఏస్తావు గుర్రయ్యా?"

"నేనిప్పుడు మాటిస్తే నా మనుమలు కూడా పిలవాలి. చచ్చిపోయినోణ్ణి పిలవమని వాళ్ళకేం చెప్పను?" అన్నాడు గుర్రయ్య. పేరయ్య ఇంకా అతడి మొహం వంకే చూస్తూ ఉన్నాడు. గుర్రయ్య ఖాళీ చేయి నది వైపు చూపాడు. "మా అన్న పోయింది కూడా ఈ నీళ్ళల్లోనే. ఆడి పేరు ఎవడు పిలిచాడు? సింగన్నకేనా ఊరు?"

అంకాలే అతడి దగ్గరకు వచ్చింది. "మీ అన్న పేరేంటి మావా?" అన్నది. ఆమె లంకకు కోడలై వచ్చేటప్పటికే ఆ అన్న పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో తప్ప ఆ పేరు ఎవరి నోటా లేదు.

"సోమన్న."

"అయితే ఆయన్నీ పిలుద్దాం. ఈ నీళ్ళ మీద దారి తప్పినోళ్ళు ఎవరున్నా అందరినీ పిలుద్దాం. నా పెనిమిటిని ఆళ్ళతో పాటే పిలుద్దాం."

గుర్రయ్య బియ్యం మూట దగ్గరకు పరుగెత్తాడు. పిడికెడు కాదు, దోసెడు తెచ్చాడు. పిడికెడే వేయనిచ్చారు. అందరి తరువాత అంకాలు తన ఇంటి నుంచి తన చేత్తో తెచ్చిన పిడికిలిని కుండ మీద విప్పింది. బియ్యం రాలిన చప్పుడు ఆ గాలిలో కూడా అందరికీ వినిపించిందట.

ఆ కుండ ఎంత త్వరగా ఉడికిందో చెబితే నమ్మరని మా పూజారిగారు ఆ సంగతి చెప్పరు. తొలి ముద్ద అందరికంటే ముందు అంకాలు చేతిలో పెట్టారు, రెండవది గుర్రయ్యకు. నిలబడే తిన్నారు, నీటిలోనే చేతులు కడుక్కున్నారు. కుండను, ఆకులోని ఉడకని బియ్యాన్ని పేరయ్య పడవలో ఎక్కించారు. ఒక్క ఇల్లు, ఒక్క మనిషి మిగలకుండా పడవలన్నీ ఒకే తాటికి కట్టుకుని బయలుదేరారు. నది నడుమకు వచ్చాక వెనుక పెద్ద చప్పుడైంది. పిల్లలు తిరిగి చూశారు. పెద్దలు చూడలేదు. లంక రెండుగా చీలి నీటిలో కలిసిపోయింది.

ఆ సాయంత్రం ఈ ఒడ్డున, తడిసిన బట్టలతోనే, అంకాలు రేవులో నిలబడి మొదటిసారి పిలిచింది. వీరాయమ్మ గట్టు మీద కూర్చుని విన్నది. ఆమె తన నమ్మకం మార్చుకోలేదు. తమ్ముడు పోయాడనే అనుకున్నది. తన వంతు వచ్చినప్పుడు కూడా పిలిచేది గాని, ఊరి మాట నిలబెట్టడానికే పిలిచేది. "దారి తప్పినవారందరూ ఇటు రండి" అనేది. సింగన్న పేరు మాత్రం ఆమె నోట వచ్చేది కాదు. అంకాలు ఎన్నడూ దాన్ని తప్పుపట్టలేదు. పోయాడని ఒకరు, వస్తాడని ఒకరు అనుకుంటూనే ఆ వదినా మరదళ్ళు ఒకే చూరు కింద ముసలివారయ్యారు.

సింగన్న వచ్చాడా అని భక్తులు అడుగుతుంటారు. రాలేదు. ఏదో ఒకనాడు వచ్చాడని రాస్తే ఈ స్థలపురాణం పుస్తకానికి నిండుగా ఉంటుందని మా గుడి కమిటీలో ఒకరు సూచించారు. అబద్ధం రాయడానికి నేను ఒప్పుకోలేదు. ఆ ఒక్క వాక్యం మీద మేము వరండాలో చాలాసార్లు కూర్చోవలసి వచ్చింది. చివరకు ఆ సూచన చేసినవారే, ఆ తరువాత జరిగినది రాస్తే తాము ఒప్పుకుంటామన్నారు. అదే రాస్తున్నాను.

అంకాలు ముందుగా కన్నుమూసింది. బొట్టుతోనే పోయింది. ఆ పొద్దు వాలే వేళకు పిలవవలసిన వంతు మరొక ఇంటిది. వీరాయమ్మ ఆ ఇంటివారి దగ్గరకు పోయి, ఈసారి అడిగి, వంతు తీసుకున్నది. కర్ర ఊతంతో రేవు మెట్లు దిగింది. నీటి వైపు తిరిగింది. ఊరంతా గట్టు మీద నిలబడి ఉండగా, చిన్నప్పుడు అన్నానికి పిలిచినట్లు పిలిచింది.

"ఒరే సింగా... ఊరిక్కడుందిరా. నీ పెళ్ళాం ఇంతసేపూ పిలిచి పిలిచి అలిసిపోయింది. నేనూ పిలుస్తున్నానురా. ఇటు రా."

అంతకు ముందు ఆమె ఆ పేరు పిలవలేదు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ తన వంతు వచ్చినప్పుడల్లా ఆ పేరే మొదట పిలిచింది.

కుండను నిలిపిన చోటనే నేటి గర్భగుడి ఉన్నది. ప్రతి పొయ్యి పిడికిలీ అడిగి తీసుకునే తల్లి గనుక పిడికిళ్ళమ్మ అయింది. ఒకరి బదులు ఒకరు బియ్యం వేయరాదన్న నియమం, భర్త బదులు భార్య అయినా, తల్లి బదులు బిడ్డ అయినా, నేటికీ ఉన్నది. కాదన్నవారిని ఎందుకని నిలదీయరాదు, ఏమైతే వేస్తారని అడగాలి. కుండ ఉడికాక తొలి ప్రసాదం అందరికంటే చివర ఒప్పుకున్నవారికి ఇస్తారు. ఈ తల్లి దగ్గర తేలిన పంపకాలు తిరగబడవని, ఇక్కడ కలిసి అన్నం తిన్న తోడబుట్టినవారు మళ్ళీ కోర్టుమెట్లు ఎక్కరని భక్తుల నమ్మకం. తొందర పనులున్నవారు మరో గుడికి వెళ్ళడం మంచిది.

సాయంత్రం హారతి తరువాత వంతు ఇంటివారు లాంతరుతో రేవులోకి దిగుతారు. ముందుగా సింగన్న, తరువాత సోమన్న, ఆ తరువాత నీటి మీద దారి తప్పినవారందరూ. మంచు కాలంలో పడవవారు ఆ గొంతు పట్టుకుని ఒడ్డు చేరిన సందర్భాలు ఊరిలో చాలామంది చెబుతారు. భక్తులు కూడా తమకు దూరమైనవారి పేరు కలిపి పిలవవచ్చును. రుసుము లేదు. పేరు ఎవరిదైనా ఎందుకని ఇక్కడ ఎవరూ అడగరు. పిలిచిన వెంటనే వెనుదిరగరాదు. జవాబు చెప్పడానికి వారికి కాస్త సమయం ఇవ్వాలి.